ఇసుక మూకుడులో జామ్ బిస్కట్లు

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెలకు బియ్యం నానబెట్టేవారు కొందరు, కజ్జికాయలకు కొబ్బరి కోరేవారు కొందరు, జంతికల గొట్టం కోసం ఇల్లిల్లూ తిరిగేవారు మరికొందరు. ఆ వరుసలో ఈ ఏడు ఇంకొక వంటకాన్ని చేర్చుకుందామని నా ఆలోచన. ఎందుకో ముందు చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం సంఘ యౌవనస్థులతో కలిసి క్యారల్స్‌కు వెళ్ళాము. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న చిన్న పల్లె అది. రాత్రి పదకొండయింది. ప్రతి వాకిట పాట పాడడం, ప్రార్థన చేయడం, వాళ్ళు పెట్టిన చాయ, బిస్కట్లు పుచ్చుకోవడం మన ఆనవాయితీ గదా! ఒక ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది గాని తలుపు మాత్రం తెరుచుకోలేదు. నిద్రపోయారేమో అనుకుని ముందుకు సాగాము. మరునాడు ఆ ఇంటి తల్లి బోరింగు దగ్గర కనిపించి, తల వంచుకుని, "పాతికమంది వచ్చారు అమ్మగారూ, చేతిలో పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. ఎట్లా తీసేది తలుపు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆమె పెరట్లో జామచెట్టు విరగకాసి ఉంది. చిలుకలు కొట్టిన పండ్లు నేలంతా రాలి కుళ్ళిపోతున్నాయి.

ఆ జామపండ్లే నన్ను ఈ వంటకం దాకా తీసుకొచ్చాయి.

ఇటలీ దేశంలో వెన్న, పిండి, చక్కెర కలిపి గుల్లగా కాల్చే ముద్దను 'పాస్తా ఫ్రొల్లా' అంటారు. దానితో చేసే ఒక బిస్కట్టు పేరు 'ఒక్కి ది బూయె'. అంటే ఎద్దు కళ్ళు! రెండు గుండ్రని బిళ్ళలు. పైదానికి నడుమ చిన్న రంధ్రం. మధ్యలో జామ్. ఆ రంధ్రంలోంచి జామ్ మెరుస్తూ కనబడుతుంది గనుక ఆ పేరు. ఎద్దులతో బ్రదుకు సాగించే మనకు ఇంతకంటె దగ్గరి పేరు ఏముంటుంది? ఇటలీవారూ మనకు మరీ కొత్తవారు కారు. మిలాన్ నగరపు కతోలిక మిషనరీలు 1855లోనే హైదరాబాదు ప్రాంతానికి వచ్చారు.

అడవి అంచున బిస్కట్లు కాల్చడమేమిటని నవ్వేవారుంటారు. భద్రాచలంలో కూలి పనులకు వెళ్ళిన స్త్రీలే స్వయం సహాయక సంఘంగా కూడి, శిక్షణ పొంది, 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కట్లు తయారు చేశారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో వారిని పేర్కొని, ఆ బిస్కట్లు హైదరాబాదు నుండి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. వారికి యంత్రాలున్నాయి. మనకు కట్టెల పొయ్యి, ఏటి ఇసుక ఉన్నాయి.

ముందుగా జామ్ చేసుకోవాలి. బాగా పండినవి ముప్పాతిక వంతు, దోరవి పాతిక వంతు, మొత్తం కిలో జామపండ్లు తీసుకోండి. దోరకాయలు ఎందుకంటే, జామ్‌ను గడ్డ కట్టించే పెక్టిన్ అనే పదార్థం వాటిలో ఎక్కువ. ముక్కలు కోసి, మునిగేటన్ని నీళ్ళు పోసి, మెత్తగా ఉడికించి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే గింజలు పైన నిలిచిపోతాయి. దిగిన గుజ్జును తూచి, కిలోకు ముప్పాతిక కిలో చక్కెర, రెండు నిమ్మకాయల రసం కలిపి, అడుగంటకుండా కలియబెడుతూ కాచండి. చన్నీటిలో ఉంచిన పళ్ళెం మీద ఒక చుక్క వేసి, చల్లారాక వ్రేలితో నెట్టి చూడండి. ముడతపడితే దించేయవచ్చు, జారిపోతే ఇంకా కాగాలి. వేడి నీటిలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలోనే పోయాలి. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. రేగుపండ్లతో కూడ చేయవచ్చు గాని గింజలు తీసేసరికి ఓపిక నశిస్తుంది.

ఇక పిండి. మైదా 250 గ్రాములు, వెన్న 125 గ్రాములు, పొడిచేసిన చక్కెర 100 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డు, చిటికెడు ఉప్పు, నిమ్మతొక్క తురుము కొద్దిగా. పులిపిండి గాని సోడా గాని అక్కరలేదు. గేదె వెన్నను రాత్రంతా నీళ్ళ కుండలో ఉంచితే డిసెంబరు చలికి చక్కగా గట్టిపడుతుంది. వెన్న దొరకకపోతే పేరిన నెయ్యి 100 గ్రాములు చాలు. వెన్నలో ఆరోవంతు దాకా నీరే ఉంటుంది, నెయ్యిలో ఉండదు. గోధుమపిండితోనూ వస్తుంది, కాస్త ముదురు రంగు. మైదాలో నాలుగోవంతు జొన్నపిండి కలిపితే రుచి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. అంతకు మించితే బిళ్ళ విరిగిపోతుంది, జొన్నకు జిగురు లేదు గనుక.

ఇక్కడే అసలు కిటుకు. చపాతీ పిండిలా పిసకకూడదు. పిండిలో వెన్న వేసి వ్రేళ్ళ కొనలతో నలిపితే ఇసుకలా పొడిపొడిగా అవుతుంది. వెన్న పిండి రేణువులకు అంటుకుని నీటిని తగలనివ్వదు, జిగురు సాగదు. అందుకే బిస్కట్టు గుల్లగా వస్తుంది. తరువాత చక్కెర, గ్రుడ్డు చేర్చి ముద్ద కాగానే చేయి తీసేయాలి. తడిగుడ్డ కప్పి చల్లని చోట అరగంట ఉంచండి.

ముద్దను పావు అంగుళం కంటె పలుచగా ఒత్తి, స్టీలు గ్లాసు అంచుతో బిళ్ళలు కోయండి. సగం బిళ్ళలకు సీసా మూతతో నడుమ రంధ్రం చేయండి. ఇరవై జతల దాకా వస్తాయి.

కాల్చడానికి పెద్ద ఇనుప మూకుడులో కడిగి ఎండబెట్టిన ఇసుక రెండంగుళాల మందాన పోసి, మధ్య పెంకు ముక్కలు పెట్టి, మూతవేసి పావుగంట వేడెక్కనివ్వాలి. నెయ్యి రాసిన పళ్ళెంలో బిళ్ళలు పేర్చి, ఆ పెంకుల మీద దించి, మళ్ళీ మూతవేసి, మూతమీద నాలుగు నిప్పులు పోయండి. ముందు ఒకే బిళ్ళతో పరీక్షించుకోవడం మంచిది. పదిహేను, ఇరవై నిమిషాల్లో అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి. వేడిమీద మెత్తగా ఉన్నాయని కంగారుపడకండి, చల్లారాకే గట్టిపడతాయి.

మొదటిసారి నేను పెంకులు పెట్టడం మరచి పళ్ళెం నేరుగా ఇసుక మీద ఉంచాను. అడుగంతా బొగ్గు. రెండోసారి, కజ్జికాయల చెక్కలో జామ్ పెట్టి ఒత్తాను గదా, నూనెలో వేయిస్తే పోలేదా అనుకున్నాను. ఇంత వెన్న ఉన్న పిండి నూనెలో నిలుస్తుందా? విడిపోయి మడ్డి అయింది. మా అత్తగారు నూనె గిన్నెలోకి తొంగి చూసి, "ఇదేనా ఇటలీ?" అన్నారు. మూడోసారి కుదిరింది.

డాల్డా చవక అని అటు వెళ్ళకండి. దానిలోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. 2022 నుండి నూనెలు, వనస్పతులలో అది నూటికి రెండు వంతులు మించరాదని ప్రభుత్వ నియమం. విడిగా అమ్మే డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు?

బిళ్ళలను జామ్ పెట్టకుండా మూత బిగువైన డబ్బాలో ఉంచితే రెండు వారాలు కరకరలాడతాయి. జామ్ పెట్టాక రెండో నాటికే మెత్తబడతాయి. కనుక జతలు కలపడం ముందురోజు సాయంత్రం చాలు.

కిందటి ఏడాది ఆ పల్లె స్త్రీలు నలుగురైదుగురు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు. మైదా, చక్కెర తలా కొంత వేసుకున్నారు, గ్రుడ్లు ఇంటి కోళ్ళవి, జామపండ్లు ఆ తల్లి పెరటివి. క్యారల్స్ రాత్రి మేము ఆమె వాకిటికి చేరి పాట ఎత్తుకోకముందే తలుపు తీసే ఉంది. చేటలో కాగితం పరచి బిస్కట్లు పేర్చి పెట్టింది. మా గుంపులో ఒక చిన్నవాడు తన వంతు తిని, ఇంకొకటి జేబులో వేసుకుంటూ ఆమెకు దొరికిపోయాడు. ఆమె వాడి రెండో జేబులో కూడ ఒకటి వేసింది.