ఋణదాతల మధ్య పోటీని కొలుచుట ఎట్లు?

తమ గ్రామస్థులకు ఎన్ని బ్యాంకులు అందుబాటులో నున్నవో పంచాయతీ సభ్యులు వ్రేళ్లపై లెక్కించి చెప్పగలరు. కాని వాని మధ్య నిజముగా పోటీ కలదా యను ప్రశ్నకు ఆ లెక్క చాలదు. బ్యాంకులు నాలుగున్నను, ఋణమంతయు ఒక్క చోటనే పుట్టుచున్నచో ఆ ఒక్కరి షరతులకే రైతు తల యొగ్గవలసి వచ్చును. పంట ఋణములపై ప్రభుత్వము వడ్డీ రాయితీ నిచ్చుచున్నను, ఋణము అదనులో చేతికందుట ఋణదాతపైననే ఆధారపడి యున్నది.

దీనిని కొలుచుటకు హిర్ష్‌మన్ 1945లోను, హెర్ఫిండాల్ 1950లోను చూపిన మార్గము నేటికిని వాడుకలో నున్నది. నూటికి ఒక్కొక్క ఋణదాత వాటా ఎంతయో చూచి, ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, వచ్చిన వాని నన్నింటిని కూడవలెను.

ఉదాహరణకు చెవిటికల్లు వంటి యొక మెట్ట గ్రామమున ఐదుగురు ఋణదాతలు గలరనుకొందము. అందరికిని తలకు 20 వంతున వాటా యున్నచో, 20ని 20చే హెచ్చవేయగా 400. ఐదింటికి మొత్తము 2,000. అట్లుగాక ఒకరికి 80, తక్కిన నలుగురికి ఐదేసి వంతున నున్నచో, 6,400కు నాలుగు 25లు చేరి 6,500 అగును. రెండు చోట్లను ఋణదాతలు ఐదుగురే. కాని రెండవచోట కేంద్రీకరణము మూడు రెట్లకు మించినది. ఒక్కరే యున్నచో 10,000. అమెరికా ప్రభుత్వపు 2023 నాటి మార్గదర్శక సూత్రములు 1,800 దాటిన విపణిని మిక్కిలి కేంద్రీకృతమైనదిగా నెంచుచున్నవి.

ఇక అసలు చిక్కు, ఏ యెల్లలలో లెక్కించవలెనన్నది. 1951–52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారము రైతుల అప్పులో వృత్తి వడ్డీ వ్యాపారుల వాటా నూటికి 44.8, వ్యవసాయదారులైన వడ్డీ వ్యాపారులది 24.9, సహకార సంఘములది 3.1, వాణిజ్య బ్యాంకులది 0.9 మాత్రమే. దేశమంతటను వడ్డీ వ్యాపారులు అసంఖ్యాకులు. అయినను తన యూరిలో షావుకారు ఒక్కడే యైనప్పుడు రైతుకు ఆ సంఖ్యతో ప్రయోజనమేమి?

బ్యాంకుల విలీనములను గూడ ఈ దృష్టితోనే చూడవలెను. 1923లో మచిలీపట్నమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకును, కార్పొరేషన్ బ్యాంకును 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపిరి. ఒక పట్టణమున ఈ మూడింటిలో ఏ రెండింటికైన శాఖలున్నచో అచట ఒక పోటీదారు తగ్గినట్లే. ఆ రెండింటి వాటాలు 30, 20 అనుకొన్నచో, లోగడ 900, 400 కలిసి 1,300గా నున్నది విలీనముతో 2,500 అగును.

2025 మే 1న రాష్ట్రములోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. రాష్ట్రపు లెక్కలో కేంద్రీకరణము పెరిగినది. కాని అంతకుముందు ఒక్కొక్క బ్యాంకు వేర్వేరు జిల్లాలకు పరిమితమై యుండెను. ఉమ్మడి కృష్ణా, చిత్తూరు జిల్లాలు సప్తగిరి గ్రామీణ బ్యాంకువి. కావున మన ప్రాంతపు గ్రామములలో ఈ విలీనము వలన పోటీదారుల సంఖ్య మారలేదు.

గ్రామములోపల గూడ అందరి లెక్క ఒక్కటి కాదు. భూమి పత్రములు చేత లేని కౌలుదారునకు బ్యాంకు గుమ్మము దాటుట కష్టము. అతనికి పెట్టుబడి నిచ్చువాడు పత్తి, మిరప కొను వ్యాపారియే యైనచో, అప్పుతోపాటు పంట ధరను గూడ ఆ వ్యాపారి చేతిలోనే పెట్టవలసి వచ్చును. కనుక సొంత భూమి గల రైతులకును, కౌలుదారులకును వేర్వేరుగా లెక్క కట్టుట మంచిది.

ఇందుకు పంచాయతీ సభ్యులు చేయవలసినది స్వల్పము. గడచిన పంటకాలమున ఎవరెవరు ఏ బ్యాంకు, సహకార సంఘము, పొదుపు సంఘము లేక వ్యాపారి వద్ద అప్పు తెచ్చిరో పేర్లు బయట పెట్టకుండ అడిగి, ఎవరి వాటా ఎంతయో తేల్చవలెను. కౌలుదారుల అంకె 10,000కు చేరువగా నున్నచో, ఆ సంగతిని గ్రామసభలో తీర్మానించి, బ్యాంకర్ల సమావేశమునకు పంపుడు. ఋణము దొరకుట లేదను మొరకంటె, ఎవరికి ఎన్ని దారులు మూసుకొన్నవో చూపు లెక్కకు జవాబు చెప్పక తప్పదు.