ఇంజను విప్పిన రోజే గేరు సంగతి తేలాలి

ఉదయగిరి, ఆత్మకూరు: ఇంజను బోరు చేయించి, కొత్త పిస్టను, కొత్త రింగులు వేయించుకుని వెళ్ళిన మోటారు సైకిలు నెల తిరక్కముందే మళ్ళీ మెకానిక్ షెడ్డు ముందుకు రావడం ఈ ప్రాంతంలో వింత కాదు. పొగ పోయింది, లాగుడు పెరిగింది, కానీ మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే టక్కుమని గేరు జారిపోతోందన్నది బండి యజమాని ఫిర్యాదు. ఇంజను పని సరిగా చేయలేదని ఆయన కోపం. చేసిన పనిలో లోపం లేదని మెకానిక్ వాదన. చాలాసార్లు ఇద్దరి మాటలోనూ నిజం ఉంటుంది. బోరు పని బాగానే జరిగింది. అదే ఇంజను కడుపులో ఉన్న గేరు మార్చే సరంజామాను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

జిల్లా పడమటి కొసన ఉన్న ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. బస్సు రాని పల్లెలకూ, బస్సు తప్పిపోయిన పూటకూ బండే దిక్కు. పాల క్యాన్లు, ఎరువు మూటలు, కాయల బస్తాలు, జ్వరం వచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి, అందరూ అన్నీ దాని మీదే. పైగా ఇది కొండ దాపు సీమ. సీతారామపురం దాటి వెలిగొండల మీదుగా కడప జిల్లాలోకి దిగే ఘాటు రోడ్డు సంగతి చెప్పనక్కరలేదు. ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్ళేవారూ కొండ ఎక్కి దిగవలసిందే. చదును రోడ్డు మీద గేరు జారితే చిరాకుతో సరిపోతుంది. ఎత్తు మీద జారితే బండి వెనక్కు పోతుంది. దిగుడులో జారితే ఇంజను పట్టు తప్పిపోయి ముగ్గురి బరువూ ఒక్క బ్రేకు మీద పడుతుంది.

ఇంజను పనిలో రెండు రకాలున్నాయి. హెడ్డు, సిలిండరు దించి పిస్టను మార్చేదాన్ని షెడ్లలో హాఫ్ ఇంజను అంటారు. క్రాంకు కేసును రెండు చెక్కలుగా విప్పి క్రాంకు, బేరింగులతో సహా చూసేది ఫుల్ ఇంజను. హాఫ్ ఇంజనులో గేర్లు కంటికి కనబడవు. కాబట్టి గేరు జారుతున్న బండికి హాఫ్ ఇంజను చేయిస్తే ఆ జబ్బు ఉన్నచోటే ఉంటుంది. ఒక్కొక్కసారి ముదురుతుంది కూడా. నీరసించిన ఇంజనుతో ఎలాగో నెట్టుకొచ్చిన అరిగిన గేరు, ఇంజనుకు బలం వచ్చాక ఆ ఒత్తిడికి ఆగదు. బండి అప్పగించేటప్పుడే ఏ గేరు, ఎప్పుడు జారుతోందో చెప్పడం యజమాని బాధ్యత. ఈ సంగతి దాచిపెట్టి, తక్కువలో పోతుందని హాఫ్ ఇంజనుకు మొగ్గేవారు చివరకు రెండు కూలీలు కట్టుకుంటున్నారు.

కాలి కింద ఏం జరుగుతుంది?

ఈ తావున ఏ షెడ్డులో చూసినా హీరో హోండా తరహా 100 సి.సి. బండి ఒకటైనా కనిపిస్తుంది. 1984లో ఏర్పడిన ఆ కంపెనీ 1985లో సి.డి. 100ను, 1994లో స్ప్లెండరును తెచ్చింది. 2011లో పేరు హీరో మోటోకార్ప్‌గా మారినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది. వీటి సిలిండరు నిలబడి ఉండదు, ముందుకు పడుకుని ఉంటుంది. 1958లో జపాను హోండా సూపర్ కబ్ అనే చిన్న బండితో లోకమంతటికీ పరిచయం చేసిన తరహా ఇది. 1970లో అదే కంపెనీ అమెరికాలో ఇసుక దిబ్బల మీద, పొలాల్లో తిరగడానికి లావు టైర్ల మూడు చక్రాల బండిని అమ్మకానికి పెట్టినప్పుడు కూడా ఇటువంటి పడుకున్న ఇంజనునే అమర్చింది. ఎ.టి.వి. అని పిలిచే ఆ జాతి బళ్ళు మన రోడ్ల మీద కనబడేవి కావు. కానీ అటువంటి ఇంజను విప్పిన అమెరికా రైతుకూ, స్ప్లెండరు విప్పిన ఉదయగిరి మెకానిక్‌కూ గేరు దగ్గర ఎదురయ్యే చిక్కు ఒకటే.

పెడలు నొక్కితే దాని షాఫ్టు తిరుగుతుంది. షాఫ్టుకున్న కొక్కెం డ్రమ్మును ఒక మెట్టు తిప్పుతుంది. డ్రమ్ము అంటే ఒంటి మీద వంకర గాడులు కోసిన చిన్న ఉక్కు రోలు. ఆ గాడుల్లో ఫోర్కుల పిన్నులు కూర్చుని ఉంటాయి. డ్రమ్ము తిరిగేసరికి గాడి వంకరను బట్టి ఫోర్కు పక్కకు జరిగి, తాను పట్టుకున్న గేరును పక్క గేరు మీదకు తోస్తుంది. గేరు చెంపకు ఉండే మొరటు పళ్ళు అవతలి గేరు సందుల్లో దిగబడతాయి. వీటినే డాగ్ పళ్ళు అంటారు. గేరు పడటమంటే ఇవి నిండుగా దిగడమే. డ్రమ్ము తన మెట్టు మీద నుంచి కదలకుండా నక్షత్రంలాంటి బిళ్ళ ఒకటి, దాని నొక్కులో కూర్చునే రోలరు, ఆ రోలరును అదిమిపట్టే స్ప్రింగు కాపలా ఉంటాయి. కాలు తీయగానే పెడలును యథాస్థానానికి తెచ్చేది రిటర్న్ స్ప్రింగు. దాని రెండు కాళ్ళూ ఇంజను గోడకున్న పిన్నుకు చెరోవైపు ఉండాలి.

ఇంతా చేసి, ఈ బండిలో గేరును సరిచేయడానికి తిప్పే బోల్టు అంటూ ఏదీ లేదు. గేరు సెట్టింగు చేశామంటే అరిగినది మార్చి, ప్రతి ముక్కనూ దాని చోట పెట్టామని అర్థం. జబ్బును బట్టి ముక్కను పోల్చుకోవచ్చు. పెడలు నొక్కినా గేరు మారకుండా ఊగులాడితే రిటర్న్ స్ప్రింగు, దాని పిన్ను చూడాలి. ఒక్కోసారి ఒకటికి రెండు గేర్లు మారిపోతే రోలరు స్ప్రింగు మెత్తబడి ఉంటుంది. ఈ రెండింటికీ క్రాంకు కేసు విప్పనక్కరలేదు, క్లచ్ వైపు కవరు తీసి క్లచ్ దించితే అందుతాయి. ఎప్పుడూ ఒకే గేరు, అదీ యాక్సిలేటరు ఇచ్చినప్పుడు జారుతుంటే డాగ్ పళ్ళ మూలలు గుండ్రంగా అరిగాయనో, ఫోర్కు వంగిందనో అనుకోవాలి. అప్పుడు మాత్రం ఫుల్ ఇంజను తప్పదు.

అసలు జబ్బు గేరులో లేని బళ్ళూ ఉంటాయి. పెడలును షాఫ్టుకు పట్టించే బోల్టు వదులై, షాఫ్టు మీది గాట్లు అరిగిపోతే కాలు కదులుతుంది, షాఫ్టు కదలదు. పెడలును ఒక గాటు కిందికి తగిలిస్తే అది ఫుట్‌రెస్టుకు తగిలి గేరు సగంలో ఆగుతుంది. క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. అంతకు మించి వదులుగా ఉంటే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు బరబరమంటుంది. పానా ఒకటి చేతిలో ఉంటే పది నిమిషాల్లో తేలే ఈ మూడూ చూడకుండా ఇంజను దించమని తొందరపెట్టడం డబ్బు పారబోసుకోవడమే.

బుల్లెట్టు దారి వేరు

ఊరికొకటి రెండుగా మిగిలిన పాత బుల్లెట్టుకు ఈ లెక్క వర్తించదు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా దశాబ్దాల పాటు చేసిన ఆ బండిలో ఇంజను వేరు, నాలుగు గేర్ల బాక్సు వేరు, ఆయిలూ వేరు. గేరు కుడికాలికి ఉంటుంది. మొదటిది పైకి ఎత్తాలి, మిగతా మూడూ కిందికి నొక్కాలి. దీనికి నిజంగానే సర్దుబాటు ఉంది. గేరుబాక్సు పై కవరు తీస్తే, పొడుగు రంధ్రాల్లో రెండు బోల్టులతో బిగించిన చిన్న పలక కనిపిస్తుంది. పై గేర్లు బాగా పడుతూ కింది గేర్లు సగం పడుతుంటే, లేదా అటు బాగుండి ఇటు జారుతుంటే, ఆ బోల్టులు వదులు చేసి పలకను వెంట్రుకవాసి జరిపి మళ్ళీ బిగించాలి. ఎక్కువ జరిపితే రెండోవైపు చెడుతుంది. ఓర్పు ఉన్న మెకానిక్ దీన్ని నాలుగైదుసార్లు జరిపి చూసిగానీ కవరు మూయడు. మడమతో నొక్కి న్యూట్రల్‌కు తెచ్చుకునే చిన్న లివరుకూ విడిగా సర్దుబాటు ఉంది. ఆయిలు కారుతోందని ఈ బాక్సు నిండా గట్టి గ్రీజు కూరే అలవాటు కొందరికి ఉంది. గ్రీజు పక్కకు తప్పుకుపోయి పళ్ళు పొడిబారతాయి గనుక అది మంచి పని కాదు.

ఆటోలు, పాత బజాజ్ స్కూటర్లలో గేరు ఎడమ హ్యాండిలులో ఉంటుంది. అక్కడి నుంచి రెండు కేబుళ్ళు ఇంజను దాకా పోతాయి, ఒకటి లాగితే రెండోది వదులుతుంది. ఇంజను దించి ఎక్కించిన ప్రతిసారీ హ్యాండిలు మీది న్యూట్రల్ గుర్తుకూ, ఇంజను లోపలి న్యూట్రల్‌కూ పొత్తు కుదిరేలా కేబుళ్ళు సరిచేయాలి. ఒక కేబులు బిగుసుకుని మరొకటి వేలాడుతుంటే గేరు నిండుగా పడక అంచు మీద నిలుస్తుంది. అలాగే తోలితే లోపల గేర్లను పట్టే నాలుగు కాళ్ళ క్రాసు కొసలు అరిగి, ఆపైన కేబులు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. జనాన్ని ఎక్కించుకుని తిరిగే ఆటో డ్రైవరు దీన్ని రేపటికి వాయిదా వేయదగదు.

మూయకముందు చేతితో

మళ్ళీ స్ప్లెండరు దగ్గరికి వస్తే, క్రాంకు కేసు విప్పిన రోజు గేర్లు చూడటానికి వేరే కూలీ అక్కరలేదు. విడి భాగాల ఖర్చే. ఫోర్కు కొనలు ఒకపక్కే అరిగినా, వేడికి నీలం రంగు తిరిగినా, వంగినా మార్చాలి. ఫోర్కును సుత్తితో కొట్టి తిన్నగా చేయడం కొన్నాళ్ళ ముచ్చటే. షాఫ్టుల మీది వాషర్లు, లాకులు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పోవాలి. పాత గుడ్డ మీద వరసగా పేర్చుకునే మెకానిక్‌కు ఈ చిక్కు రాదు. అన్నీ ఒకే డబ్బాలో కడిగేవారికి చివర ఒక వాషరు మిగలడం కద్దు.

ఈ బండిలో ఇంజనుకూ, క్లచ్‌కూ, గేర్లకూ ఆయిలు ఒక్కటే. అరిగే గేరు నుంచి రాలిన ఉక్కు రజను అదే ఆయిలులో తిరుగుతుంది, నిన్న వేసిన కొత్త పిస్టను దాకా పోతుంది. గేరును వదిలేసి బోరు ఒక్కటే చేయించడంలో ఉన్న అసలు నష్టం ఇదే.

రెండు చెక్కలూ కలిపి బిగించాక, క్లచ్ ఎక్కించకముందు, ఒక చేత్తో షాఫ్టు తిప్పుతూ మరో చేత్తో డ్రమ్మును ఒక్కో మెట్టు తిప్పి చూడాలి. షాఫ్టు తిప్పకుండా గేరు వేయబోతే పంటికి పన్ను ఎదురుపడి ఆగిపోతుంది. అది లోపం కాదు. చాలామంది అక్కడే బెదిరి బలం ఉపయోగించి ఫోర్కు వంచేస్తారు. న్యూట్రల్‌లో రెండు షాఫ్టులూ దేనికది తిరగాలి. నాలుగు గేర్లలోనూ ఒకదానితో మరొకటి తిరగాలి. బోల్టులు బిగించకముందు తేలిగ్గా తిరిగి, బిగించాక పట్టేస్తుంటే లోపల వాషరు తప్పిందనే లెక్క. ఇంకా విప్పడం తేలికైన ఘడియ అదే.

బండి తీసుకునేటప్పుడు యజమాని రెండు పనులు చేయాలి. తీసేసిన పాత ముక్కలు చూపించమని అడగాలి. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు. తర్వాత వెనుక ఒకరిని ఎక్కించుకుని దగ్గర్లో ఉన్న ఎత్తు మీదకు తోలి, ఒక్కో గేరులో యాక్సిలేటరు ఇచ్చి, వెంటనే వదిలి చూడాలి. జారే గేరు ఈ రెండు ఘడియల్లో ఏదో ఒకదానిలో బయటపడుతుంది. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా తోలి, ఆయిలు మార్చాలి. దించిన ఆయిలును తెల్ల గుడ్డలో వడకట్టి వెలుతురులో చూస్తే, సన్నని బూడిద పొడి కొద్దిగా కనిపించడం సహజం. వేలికి గుచ్చుకునే పెళ్ళలు కనబడితే మాత్రం కొత్త ఆయిలు పోసి ఊరుకోకుండా బండిని తిరిగి అదే షెడ్డుకు తీసుకుపోవాలి.