మాత్ర ఒకటి, మందులు రెండు

మా మేనమామగారికి 70 ఏండ్లు. రక్తపుపోటునకు చాలకాలముగా అమ్లోడిపిన్ అను మాత్రను ప్రతి ఉదయమున ఒకటి వేసికొనుచుండిరి. పోటు అదుపులోనికి రాకపోవుటచే వైద్యులు మందు మార్చి, టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ రెండును కలిసిన మాత్రను వ్రాసియిచ్చిరి. పాత మాత్రలు ఇంకను ఇరువదివరకు మిగిలియుండెను. డబ్బు పోసి కొన్నవానిని పారవేయుట యెందుకని ఆయన పాతదియు క్రొత్తదియు కలిపి వేసికొనసాగిరి. రెండు వారములు గడచునప్పటికి కాళ్ళు వాచినవి. ఒకనాటి తెల్లవారుజామున మంచము దిగి నిలువబోయి, కన్నులు చీకట్లు క్రమ్మి గడపపై పడిరి. ముంజేతి యెముక విరిగినది. తరువాత వైద్యులు రెండు అట్టలను ప్రక్కప్రక్కన పెట్టి చూపి, “అయ్యా, ఈ మందు దీనిలోను ఉన్నది, దానిలోను ఉన్నది. మీరు రోజును రెండింతలు తినుచున్నారు” అని చెప్పిరి.

ఆయన అజాగ్రత్త గలవారు కారు. ఒక్కపూట మందు మరువని మనిషి. కంటికి ఒక్కటిగా కనబడు మాత్రలో రెండు మందులు, ఒక్కొక్కప్పుడు మూడును ఉండునను సంగతి మాత్రము ఆయనకు ఎవరును విడమరచి చెప్పలేదు. ఆ ఒక్క సంగతిని మనసున నిలుపుకొన్నచో తక్కిన జాగ్రత్తలన్నియు సులువుగా బోధపడును.

ఇట్లు మందులను కలుపుట యెందుకు? తోటకు నీరు పెట్టువారు ఎరుగుదురు: గొట్టమును వ్రేలితో నొక్కినను నీటి ఒత్తిడి హెచ్చును; వెనుకనుండి నీరెక్కువగా వదలినను హెచ్చును. రక్తనాళముల సంగతియు ఇంచుమించుగా ఇట్టిదే. అమ్లోడిపిన్ నాళపు గోడలలోని కండరములను సడలించును. టెల్మిసార్టాన్ నాళములను బిగించు ఆంజియోటెన్సిన్ అను పదార్థమును పనిచేయనీయదు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్ అనునవి అదనపు ఉప్పును, నీటిని మూత్రము గుండ వెడలించును. ఒకే మందును హెచ్చు మోతాదున ఇచ్చుటకంటె, వేరువేరు దారులలో పనిచేయు రెండింటిని తక్కువ మోతాదులలో ఇచ్చినచో పోటు బాగుగా దిగును. ఒకదాని దోషమును రెండవది కొంత సరిదిద్దుటయు కలదు. అమ్లోడిపిన్ వలన కలుగు కాళ్ళవాపు టెల్మిసార్టాన్ తోడైనపుడు తగ్గును. మూత్రమును హెచ్చించు మందు శరీరములోని పొటాషియమును పోగొట్టగా, టెల్మిసార్టాన్ దానిని నిలుపును.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1967వ సంవత్సరమున అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులందు ఎడ్వర్డ్ ఫ్రీస్ అను వైద్యుని నాయకత్వమున ప్రకటింపబడిన పరిశోధన, రక్తపుపోటును మందులతో తగ్గించినచో ప్రాణములు నిలుచునని నిరూపించినది. అందు వాడినదియు మూడు మందుల కలయికయే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి సంయుక్త మాత్రలను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది.

ఇక వాడుక విషయము. మొదటి పని అట్టను చదువుట. ముందువైపున పెద్ద అక్షరములతో ఉండునది వ్యాపారపు పేరు. లోపలి మందుల పేర్లు, వాని మిల్లీగ్రాములు చిన్న అక్షరములతో ఉండును. ఒకే పేరునకు చివర ఒకటి రెండు అక్షరములు మారినంతనే లోపలి మందులు మారిపోవును. కనుక దుకాణమున “ఇదియు అదియు ఒకటే” అన్నపుడు, చీటిలోని మందుల పేర్లతోను మిల్లీగ్రాములతోను సరిచూచుకొనవలెను. క్రొత్త మాత్ర వ్రాసినపుడు “పాతది మానవలెనా, ఉంచవలెనా?” అని అడుగక వైద్యుని గది దాటరాదు.

టెల్మిసార్టాన్ తేమను పీల్చుకొను గుణము కలది. అందుచే వారమునకు సరిపడ మాత్రలను ముందుగా ఊడదీసి డబ్బాలో పోసియుంచక, వేసికొనునపుడే అట్టనుండి తీయవలెను. ప్రతిదినము ఒకే వేళకు వేసికొనుట మేలు. మూత్రమును హెచ్చించు మందు కలిసియున్నచో ఉదయపు వేళ అనువైనది. రాత్రి నిద్ర చెడదు. ఒకపూట మరచినచో, ఆ దినముననే జ్ఞాపకము వచ్చినపుడు వేసికొనవచ్చును. మరునాటి వేళ సమీపించినచో విడిచిపెట్టవలెను. లోపము పూరించుటకై రెండు మాత్రలు ఒకేసారి మ్రింగరాదు.

మందులు రెండైనపుడు జాగ్రత్తలును రెండింటివి. మన యెండకాలమున, రోహిణీకార్తె వడగాలులలో చెమట ధారగా కారును. దానిపై వాంతులో విరేచనములో పట్టుకొన్నచో ఒడలిలో నీరు తగ్గును. అట్టి సమయమున టెల్మిసార్టాన్, మూత్రమును హెచ్చించు మందు కలిసిన మాత్ర పోటును మరీ దించి మూత్రపిండములకు హాని చేయవచ్చును. మందు కొన్నాళ్ళు ఆపవలెనా అని వైద్యుని వెంటనే అడుగవలెను. మోకాలినొప్పికని దుకాణమున కొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు పోటును పెంచును. పై రెండు మందులతో కలిసినపుడు మూత్రపిండములకు మరింత చేటు. ఉప్పు మోతాదు దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ ఈ లెక్కలోనివే. అయితే సోడియము తక్కువదని అమ్ము ఉప్పులో తరచు పొటాషియము ఉండును. టెల్మిసార్టాన్ వాడువారు వైద్యుని అడుగక దానిని వాడరాదు. గర్భిణులకు టెల్మిసార్టాన్ పనికిరాదు, అది శిశువునకు ప్రమాదకరము. గర్భము కోరు స్త్రీలు ముందుగానే వైద్యునికి తెలుపవలెను. మందు ఆరంభించిన కొన్ని వారములలో రక్తములోని పొటాషియమును, క్రియాటినిన్‌ను పరీక్షింపించుట అవసరము.

పెదవులు, ముఖము ఉబ్బినను, ఊపిరి ఆడకున్నను, గుండెలో నొప్పి వచ్చినను, మాట తడబడినను, ఒక చేయి పట్టు తప్పినను ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

చివరగా, చాలమంది చేయు పొరపాటు ఒకటి కలదు. పోటు 130/80కి దిగినదని చూచి, “నయమైనది కదా” అని మాత్ర మానుదురు. ఆ అంకె మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు; వ్యాధి పోయినదనుటకు కాదు. ఇంటియందు కొలుచుకొనువారు 5 నిమిషములు మాటలాడక వీపు ఆనించి కూర్చుండి, చేయి గుండె మట్టమున ఉంచి చూచుకొని, ఆ అంకెలను పుస్తకమున వ్రాసి వైద్యునికి చూపవలెను. మోతాదును తగ్గించుటైనను పెంచుటైనను ఆయన నిర్ణయము.

మా మేనమామగారి చేయి అతుకుకొన్నది. ఇప్పుడాయన జేబులో ఒక చిన్న కాగితము ఉన్నది. దానిపై వ్యాపారపు పేరు లేదు. రెండు మందుల పేర్లు, వాని మిల్లీగ్రాములు, మానివేసిన మందు పేరు మాత్రము ఉన్నవి. ఏ వైద్యుని యొద్దకు పోయినను ముందుగా దానినే చూపుదురు. మీ యింటిలోని పెద్దలకు కన్ను ఆనకపోవచ్చును. ఈ రాత్రి వారి అట్టను మీరు చదివి, అట్టి కాగితమొకటి వ్రాసి యియ్యవలెనని కోరుచున్నాను.