నడుముకు తుపాకీ: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో చొక్కా కింద పిస్టల్ పెట్టుకుని పాలకో పెట్రోలుకో వెళ్లేవాళ్లు కొల్లలు. మన దగ్గర లైసెన్సు దొరకడమే గగనం. దొరికినా ఎన్నికలొచ్చాయంటే ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించి రావాల్సి రావచ్చు. ఇలాంటి చోటి నుంచి వెళ్లి టెక్సాస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, గ్యాస్ స్టేషన్ నడుపుకుంటూ అర్ధరాత్రి దాకా కౌంటర్ దగ్గర నిలబడే తెలుగువాళ్లకు ‘మనమూ ఒకటి పెట్టుకుంటేనో’ అనిపించడం సహజం. కొన్న కొత్తలో కొందరిని భయం వదలదు. మరికొందరికి నాలుగు రోజులకే ధీమా ముదురుతుంది. ఆ భయానికీ ఈ ధీమాకీ మూలం చాలావరకు విన్న మాటలే. తుపాకీ అలవాటు కావచ్చు గానీ అలుసు కాకూడదు. ఎక్కువగా వినిపించే అపోహలేమిటో, నిజాలేమిటో చూద్దాం.

అపోహ 1: అమెరికాలో ఎవరైనా తుపాకీ పెట్టుకోవచ్చు. రాజ్యాంగమే హక్కు ఇచ్చింది.

వాస్తవం: రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది. ఆత్మరక్షణకు ఇంటి బయట కూడా తుపాకీ వెంట ఉంచుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. కానీ వీసా మీద ఉన్న మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఫెడరల్ చట్టాన్ని. ఎఫ్‌-1, హెచ్‌-1బి, హెచ్‌-4 లాంటి తాత్కాలిక వీసాలతో వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ‘నేను కొనలేదు, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని సరదాగా కాల్చానంతే’ అన్నా వదలరు. ఫ్లోరిడాలో కాలేజీ నుంచి తొలగించడంతో విద్యార్థి హోదా పోయిన ఒక యూఏఈ యువకుడు రేంజ్‌కు వెళ్లి కాల్చినందుకు కేసులో ఇరుక్కున్నాడు. అది 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన హోదా సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది గానీ, చట్టాన్ని కొట్టేయలేదు. రేంజ్‌లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే విద్యార్థులు ఈ కేసును గుర్తుంచుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

అపోహ 2: మా రాష్ట్రంలో లైసెన్సే అక్కర్లేదు. ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: 2024 నాటికి 29 రాష్ట్రాలు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోనిస్తున్నాయి. టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివారికి 2021 సెప్టెంబర్ నుంచి ఈ వెసులుబాటు ఉంది. అలాగని అడుగు పెట్టిన చోటల్లా చెల్లదు. టెక్సాస్‌లో ఒక బార్ తలుపు మీద ఎర్ర అక్షరాలతో 51% అని కనిపిస్తే, ఆ చోటి రాబడిలో 51 శాతం, అంతకు మించి అక్కడే తాగే మద్యం నుంచి వస్తోందని అర్థం. పిస్టల్‌తో లోపలికి వెళ్తే నేరం. దుకాణం ముందు ఇంగ్లిష్, స్పానిష్ భాషల్లో అంగుళం ఎత్తు అక్షరాలతో నిషేధం రాసి ఉంటే, అదీ చట్టబద్ధమైన హెచ్చరికే.

ఇక బడుల సంగతి. బడి ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదంటుంది ఫెడరల్ చట్టం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉంది. ఏ లైసెన్సూ లేకుండా, రాష్ట్రం పెట్టుకోనిస్తోంది కదా అని పెట్టుకున్నవారికి అది లేదు. వీధి మలుపు తిరిగితే బడి ఎదురయ్యే ఊళ్లలో ఇది చిన్న తేడా కాదు. అందుకే అక్కర్లేని రాష్ట్రంలో కూడా లైసెన్సు తీసుకోవడం మేలు. రాష్ట్రం సరిహద్దు దాటితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. టెక్సాస్ లైసెన్సు న్యూయార్క్‌లో గానీ కాలిఫోర్నియాలో గానీ పనికిరాదు.

అపోహ 3: తూటా ఎక్కించి నడుముకు పెట్టుకుంటే నడుస్తుండగానే పేలిపోతుంది.

వాస్తవం: కొత్తవాళ్లను ఎక్కువగా పీడించే భయం ఇదే. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి, ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ ముందుకు వెళ్లకుండా లోపలే అడ్డు ఉంటుంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో ఉంటే వంగినా కూర్చున్నా పేలే అవకాశం చాలా తక్కువ. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాలి. తర్వాత పిస్టల్‌ను కాక్ చేసి హోల్‌స్టర్‌లో పెట్టుకుని రోజంతా ఇంటి పనులు చేసుకోవాలి. చాలా మోడళ్లలో లోపలి ఫైరింగ్ పిన్ విడుదలైతే ట్రిగ్గర్ వెనక్కి పోయి అక్కడే ఉండిపోతుంది. సాయంత్రం తీసి చూస్తే అది ముందుకే, పొద్దున ఉన్నచోటే ఉంటుంది. కొన్ని రోజులు ఇలా చూసుకుంటే భయం దానంతటదే తగ్గుతుంది.

అసలు ప్రమాదం నడకలో కాదు, పిస్టల్‌ను తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు ఉంది. చొక్కా అంచో, జాకెట్ నాడా చివరి ప్లాస్టిక్ ముడో ట్రిగ్గర్ దగ్గర చిక్కుకుంటే, లోపలికి తోసిన తోపుకే పేలుతుంది. కాబట్టి చొక్కాను పూర్తిగా పైకి లాగి, చూసుకుంటూ నిదానంగా పెట్టాలి. ఏ మాత్రం అడ్డు తగిలినా ఆపి బయటికి తీయాలి. తీసేటప్పుడు తొందర ఉండొచ్చేమో గానీ, పెట్టేటప్పుడు తొందర ఎవరికీ ఉండదు.

అపోహ 4: అందరి కళ్లూ నా నడుము మీదే ఉంటాయి.

వాస్తవం: సూపర్ మార్కెట్‌లో జనం చూపు ఫోన్ మీదో ధరల మీదో ఉంటుంది. చొక్కా కింద చిన్న ఉబ్బు కనిపించినా ఏ ఫోనో అనుకుంటారు. మనిషిని పట్టించేది అతని చేయే. నిమిషానికోసారి తడుముకోవడం, ప్యాంటు పైకి లాక్కోవడం చూసినవాళ్లకు అనుమానం రాకపోదు. దీనికి కారణం చాలాసార్లు బెల్టే. పదిహేను తూటాలు నింపిన గ్లాక్ 19 దాదాపు 850 గ్రాములు తూగుతుంది. మామూలు మెత్తటి బెల్టు ఆ బరువుకు వంగి, పిస్టల్ బయటికి వాలుతుంది. గట్టి బెల్టు, ఒంటికి కుదిరిన హోల్‌స్టర్ ఉంటే తడుముకునే అవసరం చాలావరకు పోతుంది.

అపోహ 5: నడుముకెందుకు? బ్యాగులోనో కారులోనో పడేస్తే పోలా!

వాస్తవం: 2014 డిసెంబర్‌లో ఐడాహోలోని ఒక సూపర్ మార్కెట్‌లో రెండేళ్ల పిల్లవాడు తల్లి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాడు. అందులోని పిస్టల్ పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. బ్యాగును కింద పెడతాం, కుర్చీకి తగిలిస్తాం, పిల్లల చేతికిస్తాం. కారు అద్దం పగలగొట్టి తుపాకీ ఎత్తుకెళ్లడం దొంగలకు నిమిషం పని. కారులో వదలక తప్పకపోతే, సీటు కింది ఇనుప చట్రానికి కేబుల్‌తో బిగించిన లాక్‌బాక్స్‌లో పెట్టాలి. బ్యాగులో ఉన్న సంగతి మరిచి విమానాశ్రయానికి వెళ్లేవారూ తక్కువేం కాదు. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికాయి. వాటిలో నూటికి 93 తూటాలు నింపినవే. మరిచిపోయానంటే జరిమానా ఆగదు, 2023లో అది దాదాపు 15 వేల డాలర్ల దాకా ఉండేది.

అపోహ 6: తుపాకీ ఉంటే ఎవరికీ భయపడక్కర్లేదు.

వాస్తవం: 1998–2006 మధ్య న్యూయార్క్ పోలీసులు ఎదురుకాల్పుల్లో పేల్చిన తూటాలలో లక్ష్యానికి తగిలినవి నూటికి 18 మాత్రమేనని రాండ్ సంస్థ అధ్యయనం తేల్చింది. శిక్షణ పొందిన పోలీసుల గతే ఇదైతే, ఏడాదికోసారి రేంజ్‌కు వెళ్లేవారి మాట చెప్పక్కర్లేదు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యులర్ 1983లోనే రాశాడు. ఆలోపు చొక్కా లేపి, తీసి, గురిపెట్టడం సాధన లేనివారి వల్ల అయ్యే పని కాదు.

చట్టమూ అడ్డగోలుగా వాడనివ్వదు. సాధారణంగా ప్రాణాపాయమో తీవ్ర గాయమో తప్పదనే పరిస్థితిలోనే ప్రాణాంతక బలాన్ని ఒప్పుకుంటుంది. రోడ్డు మీద అడ్డొచ్చిన కారువాడికి పిస్టల్ చూపించి బెదిరించినా నేరమే. నడుముకు తుపాకీ ఉన్నవారే ముందు తగ్గాలి, ముందు క్షమాపణ చెప్పాలి, ముందు పక్కకు జరగాలి. కౌంటర్ దగ్గర దొంగ అప్పటికే గురిపెట్టి ఉంటే, డబ్బులిచ్చి పంపడమే ఎక్కువసార్లు తెలివైన పని.

అపోహ 7: ముప్పు ఎప్పుడూ బయటివాళ్ల నుంచే.

వాస్తవం: 2021లో అమెరికాలో తుపాకులకు 48,830 మంది బలయ్యారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే. ఇంట్లో ఎవరైనా కుంగుబాటులో ఉంటే తుపాకీని కొంతకాలం ఇంట్లోంచి పంపించేయడం అన్నిటికంటే మంచి జాగ్రత్త. ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కు ఎవరైనా, ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు. మిగతా ఇళ్లలో కూడా, ఒంటి మీద లేని ప్రతి క్షణం పిస్టల్ తాళంలోనే ఉండాలి. దిండు కిందా, బీరువా పైనా కాదు.

కొనాలనుకుంటున్నవారు ముందు వీసా చూసుకోండి. తర్వాత మీ రాష్ట్ర చట్టం చదవండి. మంచి శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. లాక్‌బాక్స్‌ను పిస్టల్‌తో పాటే కొనండి. ఇన్ని జాగ్రత్తలు రోజూ పాటించడం మీ వల్ల కాదనిపిస్తే, తుపాకీ జోలికి పోకపోవడమే సరైన నిర్ణయం.