హోదా - హృదయము

గుండెజబ్బు పెద్ద ఉద్యోగుల వ్యాధియని మనలో చాలమంది తలంతురు. బాధ్యతల బరువు అధికారి గుండెను క్రుంగదీయుననియు, చెప్పిన పని చేసి ఇంటికి పోవు బంట్రోతుకు అట్టి చింత లేదనియు లోకుల ఊహ. ఈ ఊహ ఎంతవరకు నిజమో లండను నగరములో జరిగిన యొక పరిశోధన తేటపరచినది.

ఆ నగరమున వైట్‌హాల్ అను వీధి ప్రభుత్వ కార్యాలయములకు ప్రసిద్ధి. 1967లో మొదలిడి వైద్యులు సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను పరీక్షించి, పిమ్మట ఏండ్ల తరబడి వారి ఆరోగ్యమును గమనించిరి. అందరును పురుషులే, అందరును ఉద్యోగము, జీతము గలవారే. 1978లో వెలువడిన ఫలితములు ఆశ్చర్యము గొలిపినవి. అట్టడుగు తరగతియగు బంట్రోతులలో గుండెజబ్బు మరణములు అత్యున్నతాధికారులలో కంటె 3.6 రెట్లుండెను. నడిమి తరగతులవారు నడుమనే యుండిరి. పొగత్రాగుట, రక్తపుపోటు, కొలెస్టరాల్ మున్నగువానిని లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదములో పెద్ద భాగము మిగిలియే యుండెను.

1985లో స్త్రీలను గూడ చేర్చి, 10,308 మందితో రెండవ పరిశోధన ప్రారంభమైనది. తమ పనిని తామే తీర్చిదిద్దుకొను స్వాతంత్ర్యము కొరవడినవారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని అందు తేలినది. వారికి పది మెట్ల నిచ్చెన బొమ్మను చూపి, సంఘములో తామే మెట్టుపై నున్నామని తలంతురో గుర్తింపుమనిరి. క్రింది మెట్టును గుర్తించినవారిలో గుండెనొప్పి, మధుమేహము ఎక్కువగా కనబడినవి. అనారోగ్యమే మనిషిని తక్కువవాడనని తలపింపవచ్చును గనుక, భావనయే సర్వకారణమనరాదు.

అయినను మనస్సునకు, గుండెకు నడుమ దారి కలదు. భయము, అవమానము కలిగినపుడు అడ్రినల్ గ్రంథుల రసములు రక్తమున చేరును, గుండె వడిగా కొట్టుకొనును, రక్తపుపోటు పెరుగును. ఆపద దాటగానే ఇవి శాంతించిన మేలే. దినదినమును చిన్నచూపునకు గురియగువానికి ఆ శాంతి దొరకదు. రక్తనాళములు క్రమముగా చెడును.

కావున క్రిందివారిని గౌరవముతో పలుకరించి, పనిలో వారి మాటకు చోటిచ్చుట మర్యాద మాత్రమే కాదు, ఆరోగ్యరక్షణము కూడ. మరియొక మాట. రొమ్ములో నొప్పి పుట్టినపుడు, "ఇది గొప్పవారి జబ్బు, మనకేల వచ్చును?" అని ఎవ్వరును జాగు చేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలయును. గుండెకు హోదా తెలియదనుకొంటిమి. తెలియును, కాని మనమనుకొన్న తీరున కాదు.