తెర మీది రంగు, కాగితం మీది సిరా

ఒక పుట కథతో ప్రారంభిస్తాను. 2016లో మా సంఘం ఉగాది వేడుకల నాటి ఉదయం, సభామందిరం వెనుక గదిలో అట్టపెట్టెలు విప్పి, ఇంకా సిరా వాసన వీడని సావనీరు ప్రతులను బల్ల మీద పేర్చుతున్నాము. అంతకు కొద్ది నెలల ముందు కాలధర్మం చెందిన ఒక పెద్దాయనకు అందులో ఒక పుట శ్రద్ధాంజలిగా కేటాయించాము. సంఘం పుట్టిన నాటి నుంచి ఆదివారాలు మా పిల్లలకు తెలుగు చెప్పినవారాయన. పేరు ఇక్కడ వ్రాయను. అందులో ఒక ‘క్ష్మీ’ ఉన్నదని మాత్రం చెబుతాను. ఆ పుటలో సరిగ్గా ఆ అక్షరమే విరిగిపోయి ఉన్నది. క, ష, మ మూడూ ఒకదాని కింద ఒకటి ఒదగవలసింది పోయి, పొల్లులు నెత్తిన పెట్టుకొని వరుసగా నిలబడి ఉన్నాయి. ఎందరో పిల్లల చేత ఒత్తులు దిద్దించిన చేయి ఆయనది. ఆయన సతీమణి ముందు వరుసలో కూర్చొని ఆ పుట తెరిచి, ఆ పేరు మీద వ్రేలు ఉంచి, ఏమీ అనక, పుస్తకం మూసి ఒడిలో పెట్టుకొన్నారు.

పుటల రూపకల్పన చేసినది నేను. అంతకు ఏడాది క్రితం వరకు ఆ విద్యలో నాకు ఓనమాలు రావు. కంప్యూటరు తెర మీద చక్కగా కనబడితే పని పూర్తయినట్లే అనుకొన్నవాణ్ణి. ప్రతి సంవత్సరం మన సంఘాలలో ఎవరో ఒక ఔత్సాహికునికి ఈ బాధ్యత అప్పగించడం ఆనవాయితీ. అట్టివారికి ఉపయోగపడుతుందని, తెరకు కాగితానికి మధ్య ఉన్న ఆ అగాధంలో ఏమున్నదో నాకు తెలిసినంత వరకు వివరిస్తాను.

మొదట రంగు సంగతి. మన కంటిలో రంగులను గ్రహించే శంకుకణాలు మూడు రకాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను తగుపాళ్ళలో కలిపితే దాదాపు అన్ని రంగులనూ కంటికి చూపవచ్చునని 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండన్‌లో ఒక రంగుల రిబ్బను ఛాయాచిత్రంతో ప్రదర్శించి చూపాడు. నేటి కంప్యూటరు తెర చేసేది అదే. ప్రతి బిందువులో మూడు అతి చిన్న దీపాలు. ఒక్కొక్కదానికి 256 అంచెల వెలుగు. అన్నీ కలిపి 1,67,77,216 మిశ్రమాలు. మూడు దీపాలూ పూర్తిగా వెలిగితే తెలుపు, ఆరిపోతే నలుపు.

కాగితానికి స్వంత వెలుగు లేదు. గదిలోని తెల్లని కాంతి దాని మీద పడి తిరిగి వస్తుంది. సిరా ఆ కాంతిలో కొంత భాగాన్ని మింగివేస్తుంది. సయాన్ సిరా ఎరుపును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు సిరా నీలాన్ని మింగుతాయి. అంటే తెర మీద రంగులు కూడికతో పుడితే, కాగితం మీద తీసివేతతో పుడుతున్నాయి. సిద్ధాంతం ప్రకారం మూడు సిరాలూ కలిస్తే నలుపు రావాలి. కాని వాస్తవంలో ఏ సిరా కూడా శుద్ధమైనది కాదు. వచ్చేది బురద గోధుమ వన్నె. అందుకే నాలుగవదిగా నల్లసిరా వచ్చి చేరింది. 18వ శతాబ్ది ప్రారంభంలో జాకబ్ క్రిస్టోఫ్ ల బ్లాన్ అనే చిత్రముద్రాపకుడు నీలం, పసుపు, ఎరుపు పలకలతో వర్ణచిత్రాలు అచ్చువేసి, వాటికి నల్లపలకను కూడా జోడించాడు. నేటి నాలుగు రంగుల ముద్రణకు మూలపురుషుడు ఆయనే అనవచ్చు.

సిరాలకు ఉన్న ఈ అశుద్ధత వల్ల తెర చూపగలిగిన రంగులు కొన్ని కాగితం మీద రానే రావు. కాంతివంతమైన నారింజ, చిలకపచ్చ, నిండు నీలం ఈ కోవలోనివి. మా ముఖచిత్రం మీద కూచిపూడి నర్తకి ధరించిన నీలి పట్టు అచ్చులో వంకాయ రంగు తిరిగింది. నూరు పాళ్ళ సయాన్‌కు నూరు పాళ్ళ మెజెంటా కలిపితే జరిగేది ఇదే. నీలం నీలంగా ఉండాలంటే మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 పాళ్ళు తక్కువగా ఉంచాలన్నది ముద్రాపకుల అనుభవసూత్రం. దీనికి మందు, చిత్రాన్ని చివరి రాత్రి కాక మొదటి నాడే నాలుగు సిరాల పద్ధతిలోకి మార్చుకొని, మీ ప్రెస్సు చెప్పిన కాగితపు ప్రొఫైలు పెట్టి చూడడం. అమెరికాలో నున్నని కాగితానికి గ్రాకోల్ 2006 అన్న ప్రొఫైలు విస్తృతంగా వాడుకలో ఉన్నది. దానితో చూసినప్పుడు తెర మీది చిత్రం కాస్త వెలవెలబోతుంది. బెంగపడవద్దు; ఆ వెలవెలబోయినదే నిజం.

నాలుగు సిరాలతో లక్షల వన్నెలు ఎట్లా వస్తాయి? పెడన కలంకారీ అద్దకం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. అక్కడ గీతలకు ఒక చెక్క అచ్చు, ఒక్కొక్క రంగుకు మరొక అచ్చు చెక్కుతారు. ఒకదాని మీద ఒకటి తప్పిపోకుండా అద్దడంలోనే పనివాని నేర్పు ఉన్నది. ఆఫ్‌సెట్ ప్రెస్సులో జరిగేది కూడా ఇదే. చెక్కకు బదులు అల్యూమినియం ప్లేటు, సిరాకు ఒకటి చొప్పున నాలుగు. లేతవన్నె కావాలంటే సిరాను పలుచన చేయరు. సన్నని చుక్కలుగా వేస్తారు. నున్నని కాగితం మీద సాధారణంగా అంగుళానికి 150 వరుసలు, అంటే చదరపు అంగుళంలో ఒక్కొక్క సిరాకు 22,500 చుక్కలు. చుక్క పెద్దదైతే ముదురు, చిన్నదైతే లేత. నాలుగు చుక్కల వరుసలనూ ఒకే దిశలో వేస్తే గళ్ళగళ్ళ అలలు కనిపిస్తాయి. అందువల్ల నలుపును 45 డిగ్రీల కోణంలో, సయాన్‌ను 15, మెజెంటాను 75, పసుపును 0 కోణాలలో త్రిప్పుతారు. ఒక భూతద్దం తీసుకొని ఈ సావనీరు ముఖచిత్రాన్ని చూడండి. ఆఫ్‌సెట్‌లో అచ్చయినదైతే చుక్కలు చిన్న చిన్న పూలరేకుల వలె కూడి కనిపిస్తాయి.

ఆఫ్‌సెట్ పుట్టుక కూడా ఒక పొరపాటు ఫలితమే. నూనెకు నీటికి పొత్తు కుదరదన్న సూత్రం మీద బవేరియాలో సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో రాతి అచ్చును కనిపెట్టాడు. తరువాత సుమారు శతాబ్దానికి, 1904 ప్రాంతంలో, న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే ముద్రాపకుని యంత్రంలో ఒకసారి కాగితం అందక, అచ్చు కాస్తా రబ్బరు చుట్టిన సిలిండరు మీద పడింది. ఆ రబ్బరు నుంచి తరువాతి కాగితం వెనుకవైపు పడిన బొమ్మ అసలు బొమ్మ కంటే స్పష్టంగా ఉండడం ఆయన గమనించాడు. మెత్తని రబ్బరు కాగితపు ఎగుడుదిగుళ్ళలోకి ఒదుగుతుంది గనుక అట్లా జరిగింది. మన పొరపాట్లకు అంత అదృష్టం పట్టదు.

ఇక ఛాయాచిత్రాలు. అంగుళానికి 150 వరుసల చుక్కలకు చాలినంత సమాచారం ఇవ్వాలంటే చిత్రంలో అంగుళానికి సుమారు 300 పిక్సెళ్ళు ఉండాలి. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు గల పూర్తి పుటకు 2,550 పిక్సెళ్ళు అడ్డంగా, 3,300 నిలువుగా కావాలన్నమాట. సభ్యులు వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫోటో పొడవైన వైపు సుమారు 1,600 పిక్సెళ్ళకు కుదించుకొనిపోయి వస్తుంది. అది అయిదు అంగుళాలకు కాస్త పైన సరిపోతుంది. పెళ్ళి గ్రూపు ఫోటోలో నుంచి కత్తిరించిన ముఖం 200 పిక్సెళ్ళు ఉంటే, అచ్చులో దాని న్యాయమైన వెడల్పు అంగుళంలో మూడింట రెండు వంతులు మాత్రమే. దానిని అరపుటకు సాగదీయమని కోరే ఆప్తులు ప్రతి ఏటా ఉంటారు. నేటి కృత్రిమ మేధ సాధనాలు సాగదీసి చూపగలవు. కాని అవి లేని వివరాలను ఊహించి పూరిస్తాయి. జాతర దృశ్యానికి అది చెల్లుతుందేమో గాని, గతించినవారి ముఖానికి చెల్లదు. అసలు ఫైలును ఈమెయిలులో తెప్పించుకోవడం, లేదా పాత ఫోటోను తిరిగి స్కాను చేయడం ఉత్తమం.

తెలుగు అక్షరం విషయంలో ఆంగ్లం నుంచి తెచ్చుకొన్న కొలతలు పనికిరావు. ఆంగ్లంలో 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల పంక్తి దూరం చాలు. తెలుగులో పైన గుడి దీర్ఘాలు, కింద ఒత్తులు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలలో ఒత్తు కింద ఒత్తు. 11 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్లు ఇవ్వనిదే పై పంక్తి ఒత్తు కింది పంక్తి తలకట్టును తాకుతుంది. పాఠ్యాన్ని నూరుపాళ్ళ నల్లసిరాతో మాత్రమే వేయాలి. నాలుగు సిరాల నలుపుతో వేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నని ఒత్తుల చుట్టూ ఎరుపు, నీలం నీడలు పడతాయి. పెద్ద నల్లని నేపథ్యానికి మాత్రం కొంత మిశ్రమం మంచిదే. కాని నాలుగు సిరాల మొత్తం 300 పాళ్ళు దాటితే కాగితం ఆరక, ఎదుటి పుటకు అంటుకొంటుంది. నల్లని నేపథ్యం మీద తెల్లని చిన్న అక్షరాలంటే మన రూపకర్తలకు ఎందుకో మక్కువ. సిరా కాగితంలో కొద్దిగా వ్యాపించే గుణం కలది. ‘ణ’, ‘ఖ’ల సన్నని గీతలను అది నాలుగు వైపుల నుంచి క్రమ్ముకొంటుంది. తప్పనిసరి అయితే లావు అక్షరాలు వాడాలి.

విరిగిన ‘క్ష్మీ’ దగ్గరకు వస్తాను. ‘లక్ష్మీ’ అన్న మాటలో కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. కాని యూనికోడ్‌లో అవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం. ఈ ఏడింటినీ రెండు అక్షరాలుగా పోత పోయడానికి, నియమాలు కలిగిన ఫాంటు ఒకటి, ఆ నియమాలను చదవగలిగిన సాఫ్ట్‌వేరు మరొకటి అవసరం. 1990లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పుట్టిన రోజులలో ఈ సౌకర్యం లేదు. ఆనాటి ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు తునకలను కూర్చినవి. ఫాంటు లేని యంత్రంలో పుట అంతా పిచ్చి గీతలే. యూనికోడ్ వచ్చాక అక్షరం పోదు గాని, పోత పోసేవారు లేకపోతే విడిపోతుంది. ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సి.ఎస్.6 నుంచి భారతీయ భాషలకు మద్దతు ఉన్నది; ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకొంటేనే అది పనిచేస్తుంది. ఉచితంగా లభించే స్క్రైబస్ నూతన రూపాలు కూడా ఒత్తులను సరిగానే చూపుతాయి. మండలి, సూరన్న, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లకు ఇప్పుడు కొరత లేదు.

మా యంత్రంలో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మరి ఏమి జరిగింది? అచ్చయిన కాగితాన్ని దొంతరగా పేర్చి కత్తిరిస్తారు; కత్తి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పోక తప్పదు. కనుక అంచుల దాకా రంగు ఉన్న పుటకు చుట్టూ అంగుళంలో ఎనిమిదవ వంతు అదనపు రంగు ఇవ్వాలి. దీనిని బ్లీడ్ అంటారు. పుట ఎనిమిదిన్నర, పదకొండు అయితే ఫైలు 8.75, 11.25 ఉండాలి. నేను ఇవ్వలేదు. ఆ బ్లీడ్ చేర్చడానికి ప్రెస్సువారు మూలఫైలు అడిగారు; పంపాను. వారి యంత్రంలో అంతకంటే పాత సాఫ్ట్‌వేరు. మేము ఆ పుటకు వాడిన ఫాంటు లేదు. అంచులు సరిచేశారు, అక్షరం విడిపోయింది. అక్కడ తెలుగు చదవగలవారు ఎవరూ లేరు. నమూనా ప్రతి ఈమెయిలులో అర్ధరాత్రి వచ్చింది. నేను ముఖచిత్రం, ప్రకటనలు చూసి సమ్మతి తెలిపి నిద్రపోయాను. తప్పు ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మూలఫైలు ఎవరికీ ఇవ్వను. ఫాంట్లు ఇమిడి ఉండే పి.డి.ఎఫ్./ఎక్స్ రూపంలో, బ్లీడ్‌తో సహా, పుటల సంఖ్య నాలుగుతో భాగింపబడేటట్లు చూసి పంపుతాను. తిరిగి వచ్చిన నమూనాను కాగితం మీద వేసుకొని, పేర్లన్నీ ఒకరు చదువుతూ ఉంటే మరొకరు టిక్కు పెడతారు. కొత్తగా నేర్చుకొనేవారు సాఫ్ట్‌వేరు పాఠాల కంటే ముందు, తమకు నచ్చిన పాత తెలుగు పుస్తకం ఒకటి తీసుకొని, స్కేలుతో అంచులు, పంక్తుల దూరం, శీర్షిక కింది ఖాళీ కొలిచి ఆ పుటను యథాతథంగా తిరిగి కట్టి చూడాలని నా అభిప్రాయం. వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలలో బొమ్మ ఎక్కడ ఆగి ఖాళీ ఎక్కడ మొదలవుతుందో గమనించడం కూడా మంచి పాఠమే.

ఆ శ్రద్ధాంజలి పుటను 2017 సావనీరులో తిరిగి వేశాము. పంపే ముందు, ప్రెస్సు నుంచి తెప్పించిన కాగితపు నమూనాను తీసుకొని పిన్నిగారి ఇంటికి వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని పేరును రెండుసార్లు చదివారు. తరువాత పుటను కిటికీ దగ్గరకు తీసుకొని వెళ్ళి, “ఫోటో కొంచెం నల్లబడింది బాబూ, ఆయన ఇంత నలుపు కాదు” అన్నారు. సిరా వ్యాపించి నడిమి వన్నెలు ముదిరాయి. ఆ సాయంత్రం వాటిని తేలికపరచి, మరొక నమూనా తెప్పించాను.