మీకు తెలుసా? ఆయిల్ డబ్బా మీది ‘డబ్ల్యూ’ వెయిట్ కాదు

సెకండ్ హ్యాండ్ కారు కొని మొదటిసారి ఆయిల్ మార్పించబోతే మెకానిక్ అడుగుతాడు: “5డబ్ల్యూ-30 పోయమంటారా, 20డబ్ల్యూ-50నా సార్?” ఆ డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 5డబ్ల్యూ ఆయిల్‌తో మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూతో మైనస్ 20 దగ్గర ఇంజన్ తిరగగలదా అని పరీక్షిస్తారు. ఆదిలాబాద్ చలి ఎంత వణికించినా అంత దూరం పోదు. మన ఎండలకు ముఖ్యం రెండో అంకె. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం: 30 రకం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 రకం 12.5 నుంచి 16.3 లోపు.

“పాత బండికి చిక్కటి ఆయిల్ పోస్తే సరి” అనే మాట సగమే నిజం. లక్ష కిలోమీటర్లు దాటి, ఆయిల్ తాగుతున్న ఇంజన్‌కు, మాన్యువల్ ఒప్పుకుంటే, 30 నుంచి 40కి మారొచ్చు. కానీ చిక్కటి ఆయిల్ అరిగిన రింగులను బాగుచెయ్యదు, పొగను కొన్నాళ్లు కప్పిపెడుతుందంతే. అమ్మేవాళ్లలో కొందరికి ఈ చిట్కా బాగా తెలుసు! పైగా వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఉన్న ఇంజన్లలో సన్నటి దారుల్లో ఆయిల్ పారాలి. మరీ చిక్కనైతే ఆ వ్యవస్థ మందగిస్తుంది.

మాన్యువల్ పోయిందా? బానెట్ ఎత్తి ఆయిల్ మూత చూడండి. చాలా కార్లలో గ్రేడ్ దానిమీదే అచ్చై ఉంటుంది, జిడ్డు తుడిస్తే కనిపిస్తుంది.

అన్నట్టు, కాస్ట్రాల్ అన్న పేరు పుట్టింది క్యాస్టర్ ఆయిల్ నుంచి. అంటే మన ఆముదమే.